తిమ్మిరి కబుర్లు: గాజువాక అమ్మాయి ఉత్తరం, ఆషాఢ పౌర్ణమి

వాసంతి: నమస్కారం. తిమ్మిరి కబుర్లకు స్వాగతం. నేను వాసంతి, నాకు ఎంఎస్, అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు. పక్కన మా రాంబాబు బాబాయ్, ఆయనకి షుగర్. ఫ్యాన్ చప్పుడు వినిపిస్తే కాస్త సర్దుకోండి. వైజాగ్ ఉక్కలో అది ఆపితే నా కుడికన్ను మసకబారిపోతుంది.

రాంబాబు: ఏసీ వేద్దామంటే వినదు.

వాసంతి: ఏసీ చప్పుడు ఇంకా ఎక్కువని పోయినసారి అందరూ రాశారు కదా బాబాయ్. సరే, ఈవారం విషయం ఆశ. గాజువాక నుంచి ఒకమ్మాయి రాసింది, పేరు చెప్పొద్దంది. చదువుతాను. "అక్కా, నాకు 26 ఏళ్ళు. మూడు నెలల కిందట ఎంఎస్ అన్నారు. అమ్మకు తెలుసు. నాన్నకు మాత్రం నరాల బలహీనత అని చెప్పాం. పొద్దున్న మెలకువ రాగానే ముందు కాలివేళ్ళు కదిపి చూసుకుంటున్నాను. మీరు అన్నేళ్ళుగా ఇంత ధైర్యంగా ఎలా ఉంటున్నారు? నాకు ఆశ ఎక్కడి నుంచి వస్తుంది?"

రాంబాబు: వేళ్ళు కదపడం నువ్వూ చేసేదానివి.

వాసంతి: ఇప్పటికీ చేస్తాను. చెల్లీ, నువ్వు అందులో ఒంటరివి కావు. ముందు నీకు పనికొచ్చే మాట ఒకటి చెప్తాను. తిమ్మిరో, చూపు మసకో, ఏదైనా కొత్తగా వచ్చి 24 గంటలు దాటినా పోకపోతే, జ్వరం, ఇన్ఫెక్షన్ లాంటివి లేకపోతే, న్యూరాలజిస్టుకి ఫోన్ చెయ్యి. ఎండలో తిరిగొచ్చాక కన్ను మసకబారి, చల్లబడ్డాక తేరుకుంటే అది కొత్త దెబ్బ కాదు. ఒళ్ళు వేడెక్కడంవల్ల పాత దెబ్బే బయటపడింది. ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు 1890లోనే దీని గురించి రాశాడు. ఎంఆర్‌ఐ లేని రోజుల్లో వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి ఈ జబ్బుని పరీక్షించేవాళ్ళు.

రాంబాబు: ఏప్రిల్‌లో జగదాంబ జంక్షన్లో నిలబెడితే చాలు, తొట్టి ఎందుకు?

వాసంతి: నిజంగానే చాలు. ఇంకొకటి. ఈ జబ్బు దారి మార్చే మొదటి మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది 1993లో. అంతకుముందు వాళ్ళకి దాడి వచ్చినప్పుడు, అంటే జబ్బు తిరగబెట్టినప్పుడు, స్టెరాయిడ్, ఆ తరవాత ఎదురుచూపు. ఇప్పుడు డజనుకు పైగా మందులున్నాయి. మన దగ్గర చాలామందికి రిటక్సిమాబ్ ఇస్తున్నారు, ఆర్నెల్లకోసారి సెలైన్‌లో. పూర్తిగా నయం చేసే మందు ఇంకా రాలేదు. నయం చేస్తామని ఎవరైనా పొడి, కషాయం ఇస్తే...

రాంబాబు: కషాయం అత్తయ్య!

వాసంతి: ఆవిడ వింటుంది బాబాయ్, ఊరుకో. వాటి కోసం డాక్టరిచ్చిన మందు మాత్రం ఆపకు చెల్లీ. నీళ్ళు తాగడం కూడా ఆపకు. బీచ్ రోడ్డుకెళ్తే బాత్రూమ్ ఎక్కడుంటుందో తెలీదని మనలాంటి ఆడవాళ్ళు పొద్దున్నుంచీ గొంతు తడుపుకోరు. దాంతో యూరిన్ ఇన్ఫెక్షన్, దానివెంట జ్వరం, ఆ జ్వరానికి కాళ్ళు మళ్ళీ బరువెక్కుతాయి. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా శుభ్రంగా ఉండి, తాళం వెయ్యని బాత్రూమ్‌లు ఎక్కడున్నాయో నేను చెప్పగలను, కానీ అది ఒక మనిషి గుర్తుపెట్టుకోవాల్సిన విషయమా?

రాంబాబు: మొదలుపెట్టింది. ఆశ గురించి కదమ్మా అడిగింది.

వాసంతి: ఇది ఆశే బాబాయ్. బాత్రూమ్ ఉందని తెలిస్తే మనిషి ఇంట్లోంచి బయటికొస్తుంది. సరే, నీకు ఆశ అంటే ఏమిటో చెప్పు.

రాంబాబు: నాకు ఒకటే. ఆషాఢ పౌర్ణమి వస్తోంది. సింహాచలం కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరదామనుకుంటున్నాను.

వాసంతి: ఎక్కడికి బయల్దేరేది?

రాంబాబు: సింహాచలం గిరి ప్రదక్షిణకి, కొండ చుట్టూ నడవడానికి. పోయినేడు ఆస్పత్రిలో ఉండిపోయాను కదా.

వాసంతి: బాబాయ్, 32 కిలోమీటర్లు అది. ఉత్తికాళ్ళతో.

రాంబాబు: ఉత్తికాళ్ళతోనే. చెప్పులేసుకుని తిరిగితే షికారు అంటారు, ప్రదక్షిణ అనరు.

వాసంతి: నీ కాలి చిటికెన వేలు ఎందుకు తీసేశారు? గాజుపెంకు దిగితే సాయంత్రం పిన్ని చూసి చెప్పేదాకా నీకు తెలియలేదు. రక్తం గుమ్మం దాకా ఉంది.

రాంబాబు: అందుకే ఈసారి కింద చూసుకుని నడుస్తాను.

వాసంతి: చీకట్లో, అంత జనంలో కింద ఏం కనిపిస్తుంది? వినేవాళ్ళ కోసం మళ్ళీ చెప్తాను, మా ఇద్దరి తిమ్మిరీ ఒకటి కాదు. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కదా, మెదడులో, వెన్నుపాములో నరాల మీద అలాంటిదే మైలిన్ అని ఉంటుంది. నా ఒంట్లోని రక్షణ వ్యవస్థే దాన్ని కొరికేస్తోంది. అందుకని నాకు దుప్పటి తగిలినా కాలు మండుతుంది. బాబాయ్‌కి షుగర్ వల్ల పాదాల్లోని నరాలే దెబ్బతిన్నాయి. మేకు దిగినా ఆయనకి కబురు రాదు. నా కాలు అబద్ధాలు చెప్తుంది, ఆయన కాలు నిజం దాస్తుంది. రెండింటిలో ఆయనదే ప్రమాదం. దారం లాంటిది అరికాలికి ఆనించి చూశారు కదా బాబాయ్, ఎన్నిచోట్ల తెలిసింది నీకు?

రాంబాబు: మడమ దగ్గర తెలిసింది.

వాసంతి: మిగతాచోట్ల?

రాంబాబు: (కాసేపు ఆగి) నువ్వు లెక్కలు అడుగుతావు. నేను ఆ దారి గురించి చెప్తున్నాను. అడవివరం, ముడసర్లోవ దాటి హనుమంతవాక వచ్చేసరికి కాళ్ళు లాగేస్తుంటాయి. విశాలాక్షినగర్ దాటి జోడుగుళ్ళపాలెం దిగగానే సముద్రపు గాలి కొడుతుంది చూడు, ఒళ్ళంతా తేలికైపోతుంది. అప్పూఘర్ దగ్గర స్నానం. ఎంవీపీ కాలనీలో ముక్కూమొహం తెలియనివాళ్ళు చేతిలో మజ్జిగ గ్లాసు పెడతారు. మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం. దారి పొడవునా అప్పన్న పేరే. అక్కడ నా షుగరెంత అని ఒక్కరూ అడగరమ్మా. ఇంట్లో అన్నం కంచం ముందు కూర్చుంటే నలుగురు నా చెయ్యే చూస్తారు. ఆ ఒక్కరాత్రి నేను అందరిలో ఒకణ్ణి.

వాసంతి: అది నాకు తెలుసు బాబాయ్.

రాంబాబు: తెలిస్తే ఎందుకు ఆపుతున్నావు?

వాసంతి: వేలితో ఆగిందని. ఈసారి పాదం దాకా పోతే వచ్చే ఏడు ఇంట్లోనే నడవలేవు. పుండు పడిన కాలితో సముద్రంలో స్నానం కూడానా? నీ డాక్టరు ఏమన్నారు?

రాంబాబు: అడగలేదు.

వాసంతి: ఎందుకు అడగలేదు?

రాంబాబు: వద్దంటారని. నువ్వు మాత్రం చేతికర్ర పట్టుకోమంటే ఎన్నాళ్ళు బతిమాలించుకున్నావు? నీకు పట్టుదల ఉండొచ్చు, నాకు ఉండకూడదా?

వాసంతి: ఉండాలి. కర్ర సంగతి నువ్వే ఎత్తావు కాబట్టి చెప్తాను. తూలుతూ నడుస్తుంటే బీచ్ రోడ్డులో నేను తాగానని అనుకున్నారు, పక్కకి తప్పుకుని గుసగుసలాడేవారు. కర్ర పట్టుకున్నాక వాళ్ళే దారి ఇస్తున్నారు. కర్ర వచ్చాక నా నడక పెరిగింది బాబాయ్. నాకు కర్ర ఎలాగో, నీకు ఆ ఎంసీఆర్ చెప్పులు, షుగర్ పాదాలకి ఇచ్చే మెత్తటివి, అలాగ. అవి వేసుకుని నడువు, అప్పన్న ఏమీ అనుకోడు.

రాంబాబు: నువ్వు ఆయన తరఫున మాట్లాడకు.

వాసంతి: సరే, మాట్లాడను. కొండ మీదకి బస్సులో వెళ్ళి గుడి చుట్టూ తిరుగు. గిరి చుట్టూ తిరగలేనివాళ్ళు ఆ రోజు చేసేది అదే. లేకపోతే ఎంవీపీలో మజ్జిగ పంచేవాళ్ళ దగ్గర నిలబడదాం. నేను గ్లాసులు అందిస్తాను, నువ్వు మజ్జిగ పోద్దువుగాని. అక్కడా నీ షుగర్ ఎవరూ అడగరు.

రాంబాబు: నువ్వెంతసేపు నిలబడగలవు?

వాసంతి: కుర్చీ వేసుకుంటాను. తడితువ్వాలు మెడకి చుట్టుకుంటాను. బాత్రూమ్ ఎవరింట్లో ఉందో ముందే మాట్లాడుకుంటాను.

రాంబాబు: (నవ్వుతూ) మళ్ళీ అక్కడికే వచ్చావు.

వాసంతి: ప్రదక్షిణ దారిలో లక్షలమంది నడుస్తారు. అందులో ఆడవాళ్ళు ఎంతోమంది. నేను అక్కడికి రాకుండా ఎలా ఉంటాను?

రాంబాబు: హుద్‌హుద్ తుఫాను అప్పుడు కూడా ఇలాగే. ఇంటిపైన రేకులెగిరిపోతుంటే, ఇది ఫ్రిజ్ ముందు కూర్చుంది.

వాసంతి: 2014 అక్టోబరు 12. గాలి తగ్గాక కరెంటు లేదు, రోజులు గడుస్తున్నాయి. నా ఇంజెక్షన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఇల్లేమైపోయిందో చూసుకోకుండా మందు డబ్బా పట్టుకుని, జనరేటర్ ఉన్న అపార్ట్‌మెంట్ వెతుక్కుంటూ విరిగిపడ్డ చెట్ల మధ్య నడిచాం. తలుపు తీసినావిడ ఎవరని కూడా అడగలేదు. ఫ్రిజ్‌లో పాలగిన్నె తీసి చోటు ఇచ్చింది. గాజువాక చెల్లీ, ధైర్యం ఎలా అన్నావు. ఆ రోజు నాకు ధైర్యం లేదు, వణుకుతున్నాను. డబ్బా పట్టుకున్నది బాబాయ్.

రాంబాబు: రెండు చేతులతో పట్టుకున్నాను. వేళ్ళు తిమ్మిరెక్కి జారిపోతుందని టెన్షన్.

వాసంతి: అందుకే మీ నాన్నకి చెప్పు. నరాల బలహీనత అని ఎన్నాళ్ళు నెట్టుకొస్తావు? డబ్బా పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. ఎంఎస్ కూడా 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఉంది. వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం స్లాట్ బుక్ చేసుకోవాలన్నా, ఆస్పత్రి వరసలో నిలబడాలన్నా ఇంట్లోవాళ్ళు తోడుంటే సగం అలసట తగ్గుతుంది. సర్టిఫికెట్‌లో 40 శాతం, ఆపైన ఉంటేనే చాలా సదుపాయాలు వస్తాయి. మన జబ్బు ఒకరోజు కనిపిస్తుంది, ఒకరోజు కనిపించదు. నువ్వు బాగా నడిచిన రోజునే వాళ్ళు చూస్తే కష్టం. అందుకని పాత రిపోర్టులు, దాడుల తేదీలు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకెళ్ళు. దీని గురించి విడిగా ఒక ఎపిసోడ్ చేద్దాం.

రాంబాబు: నాన్నకి చెప్పడం గురించి నేనొకటి అంటాను. ఆయన వింటే రెండురోజులు అన్నం తినడు. మూడోరోజు డాక్టరు దగ్గరికి నీకంటే ముందు రెడీ అవుతాడు. వాసంతి వాళ్ళ నాన్న, మా అన్నయ్య, అలాగే చేశాడు.

వాసంతి: నాన్న సంగతి ఇప్పుడు వద్దు బాబాయ్.

రాంబాబు: సరే, వద్దులే.

వాసంతి: ఎమ్... ఏం మాట్లాడుతున్నాం?

రాంబాబు: మజ్జిగ.

వాసంతి: ఆఁ. మజ్జిగకి ఒప్పుకుంటున్నావా?

రాంబాబు: ఒప్పుకోలేదు. హనుమంతవాక నుంచి అప్పూఘర్ దాకా నడుస్తాను. అంతే. ఆ గాలి తగలాలి నాకు.

వాసంతి: చెప్పులతోనే నడవాలి.

రాంబాబు: సాక్సు వేసుకుంటాను.

వాసంతి: సాక్సు గాజుపెంకుని ఆపుతుందా?

రాంబాబు: గురువారం పాదాల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి ఎలాగూ. అడుగుతాను.

వాసంతి: నేనూ వస్తాను.

రాంబాబు: నువ్వెందుకు, ఆ ఎండలో?

వాసంతి: నువ్వు సగమే అడుగుతావు కాబట్టి. ఎన్నింటికి?

రాంబాబు: పదకొండున్నరకి. ఆటో చెప్తాను.

వాసంతి: ఆటో వద్దు, ఏసీ ఉన్న క్యాబ్ చెప్పు. అక్కడ బాత్రూమ్ ఏ అంతస్తులో ఉందో పిన్నిని అడుగు.

రాంబాబు: పై అంతస్తులో.

వాసంతి: లిఫ్ట్ పనిచేస్తోందా?

రాంబాబు: పోయినసారి పనిచేయలేదు. ఉండు, ఫోన్ చేసి కనుక్కుంటాను.