మొన కాదు, మొదలు చూడండి: టెక్సస్‌లో రాతి ములుకులు

అందరికీ నమస్కారం. సెంట్రల్ టెక్సస్‌లో ఒక రాంచ్‌లో, వాగు ఒడ్డున ఉన్నాను. పూర్వం ఇక్కడి మనుషులు బాణాలకూ ఈటెలకూ కట్టడానికి చెక్కిన రాతి ములుకులు వెతుకుతున్నాను. రాత్రి గట్టి వాన పడింది. వాన మట్టిని కడిగేస్తే, ఈ ఏటవాలు ఎండలో చెకుముకి రాయి ఇట్టే తళుక్కుమంటుంది.

ఇది ప్రైవేటు భూమి, ఓనర్ని అడిగే వచ్చాను. నేషనల్ పార్కుల్లో, స్టేట్ పార్కుల్లో ఏరడం చట్టవిరుద్ధం. ఇంకోటి, రాళ్ళ కింద చెయ్యి పెట్టకండి, కర్రతో తిప్పండి. ఇక్కడ ర్యాటిల్ స్నేకులు ఉంటాయి.

ఈ ముక్క చూడండి. గాజు పెంకులా పగిలింది, లోపల అలలు కూడా ఉన్నాయి. ములికేనా? కాదు. వాగులో దొర్లినా ఇలాగే పగులుతుంది. మనిషి చెక్కితే రెండు వైపులా పెచ్చులు లేచిన గుంటలు ఉంటాయి, అంచు వెంబడి చిన్నవి వరసగా కనిపిస్తాయి.

ఇప్పుడు ఇది... ఆ, ఇది ములికే! అందరూ ముందు మొన చూస్తారు. మొన విరుగుతుంది, మళ్ళీ చెక్కుతారు, ఆకారం మారిపోతుంది. కర్రకు కట్టే మొదలు మాత్రం అంతగా మారదు. కాలం చెప్పేది అదే. దీని మొదలు మధ్యలో నొక్కుపడి, చేప తోకలా ఉంది కదా? పెడర్నాలిస్ రకం, 3,000 ఏళ్ళ పైమాటే. నిజానికి ఇది బాణానిది కాదండోయ్! విల్లు ఇటువైపు వచ్చి సుమారు 1,300 ఏళ్ళే. అంతకుముందు కొక్కెం ఉన్న కర్రతో ఈటె విసిరేవాళ్ళు. ఇలాంటివాటిని కత్తుల్లా కూడా వాడేవాళ్ళు.

అసలు బాణపు ములికి ఇదిగో, పోయినసారి దొరికింది. చిటికెన వేలి గోరుకంటే కొంచెం పెద్దది. మొదలు సన్నగా కొనదేలింది, పక్కన ముళ్ళలా రెండు రెక్కలు. దీన్ని పెర్డిజ్ అంటారు. ఓరుగల్లును కాకతీయులు ఏలిన రోజుల్లో ఇక్కడ ఇవే వాడారు.

సుమారు 13,000 ఏళ్ళనాటి క్లోవిస్ రకం ములికి నాకింకా దొరకలేదు. దానికి మొదలు నుంచి పైకి గాడి ఉంటుంది. కింది అంచుల్ని వేలితో తడిమితే నున్నగా తగులుతాయి. కర్రకు కట్టిన జంతువుల నరాలు తెగకుండా అరగదీశారన్నమాట.

దొరికినచోటే ఫొటో తీసి, లొకేషన్ రాసుకోండి. ఎముకలు కనిపిస్తే మాత్రం ఏదీ ముట్టుకోకుండా ఓనర్‌కి, పోలీసులకి చెప్పండి. ఇంటికెళ్ళాక మామూలు నీళ్ళతో కడిగితే చాలు, యాసిడ్ వద్దు.

అరే, ఇక్కడో విరిగిన ముక్క. మొన లేదు, మొదలుంది. జేబులో వేసుకుంటున్నా. పదండి, ఆ మలుపు దగ్గర కంకర కూడా చూద్దాం.