వయసా, అనుభవమా? కుర్ర బాక్సర్ల విషయంలో మనం తప్పుతున్న లెక్క

నమస్కారం. ఏదైనా పెద్ద ప్రొఫెషనల్ బాక్సింగ్ పోటీ ప్రకటించగానే మనవాళ్ల చర్చల్లో రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. "ఇరవై ఏళ్ల కుర్రాడు, ఏం నిలబడతాడండీ" అనేది మొదటిది. "ఇరవై బౌట్లు గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు, అనుభవానికి ఏం తక్కువ" అనేది రెండోది. ఈ రెండూ నాకు చాలాకాలంగా చిరాకు తెప్పిస్తున్నాయి. మొదటివారు పుట్టిన తేదీని చూసి తీర్పు చెబుతున్నారు. రెండోవారు బౌట్ల సంఖ్యనే అనుభవమని నమ్ముతున్నారు. నా దృష్టిలో రెండో పొరపాటే పెద్దది కనుక ఎక్కువ సమయం దానికే కేటాయిస్తాను.

పల్లెలో ఈత నేర్చుకున్నవారికి నేను చెప్పబోయే పోలిక వెంటనే అర్థమవుతుంది. వీపుకు బెండ్లు కట్టుకుని బావిలో ఈత మొదలుపెట్టిన కుర్రాడు ఒక వేసవి గడిచేసరికి గట్టు మీద నుంచి దూకి మునకలేస్తాడు. బావిలో నాలుగు బారలు వేస్తే ఎదుటి గోడ చేతికి తగులుతుంది, కాస్త ఆయాసం వస్తే మెట్టు పట్టుకుని నిలబడవచ్చు. అదే కుర్రాడిని వర్షాకాలంలో గోదావరికి తీసుకువెళ్తే, బారలు వేయడం వచ్చినా, నడిఏట్లో కాలికి నేల అందనప్పుడు ఊపిరి ఎలా దాచుకోవాలో, లాగుతున్న నీటికి ఎంతవరకు లొంగి ఎక్కడ ఎదురీదాలో తెలియదు. అతను బావిలో వంద సార్లు దూకాడా, వెయ్యి సార్లు దూకాడా అన్నది అక్కడ అక్కరకు రాదు.

(తెరపై: లొమచెంకో, సాలిడో ఫొటోలు)

ఇప్పుడు వసిల్ లొమచెంకో సంగతి చూద్దాం. ఈ ఉక్రెయిన్ బాక్సర్ 2008 బీజింగ్, 2012 లండన్ ఒలింపిక్స్‌లలో స్వర్ణాలు గెలిచాడు. అమెచ్యూర్‌గా, అంటే డబ్బు కోసం కాకుండా ఆడే పోటీల్లో, 396 విజయాలు, ఒకే ఒక్క ఓటమి అతని ఖాతాలో ఉన్నాయి. 2013లో ప్రొఫెషనల్‌గా మారి, 2014 మార్చిలో, అంటే రెండో బౌట్‌లోనే, ప్రపంచ టైటిల్ కోసం మెక్సికోకు చెందిన ఓర్లాండో సాలిడోతో తలపడ్డాడు. సాలిడో పదిహేనేళ్ల వయసులోనే డబ్బు కోసం రింగ్‌లోకి దిగినవాడు. ఈ బౌట్‌కు ముందు అతని పేరిట 12 ఓటములు ఉన్నాయి. రికార్డు కాగితం ఒక్కటే చూస్తే లొమచెంకో సునాయాసంగా గెలవాలి, కానీ ఓడిపోయాడు.

ఎలా ఓడాడన్నది దగ్గరగా చూడవలసిన విషయం. సాలిడో ముందురోజు తూకంలో పరిమితికి రెండు పౌండ్లకు పైగా ఎక్కువ తూగి చాంపియన్ బెల్టును అక్కడే పోగొట్టుకున్నాడు, కానీ ఆ అదనపు బరువుతోనే రింగ్‌లోకి వచ్చాడు. ప్రత్యర్థి మీద వాలిపోవడం, పక్కటెముకల మీద గుద్దడం, నడుము పట్టీకి కింద కూడా కొట్టి రిఫరీ ఎంతవరకు ఊరుకుంటాడో పరీక్షించడం, ఇవన్నీ అతనికి వెన్నతో పెట్టిన విద్య. (రిఫరీ చివరిదాకా ఊరుకున్నాడు. అది నాకు ఇప్పటికీ మింగుడు పడని సంగతి.) మూడు రౌండ్ల అమెచ్యూర్ ఆటకు అలవాటుపడిన లొమచెంకో ఆరంభపు రౌండ్లలో ఆచితూచి ఆడి, చివరి రౌండ్లలో జోరు పెంచి, పన్నెండో రౌండ్‌లో సాలిడోను దాదాపు పడగొట్టినంత పని చేశాడు. అప్పటికే చాలా రౌండ్లు చేజారాయి. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఇద్దరు సాలిడో వైపు మొగ్గారు.

అసలు సంగతి ఆ తరువాత జరిగింది. అదే ఏడాది జూన్‌లో, కేవలం మూడో బౌట్‌లో, లొమచెంకో గ్యారీ రస్సెల్ జూనియర్‌ను ఓడించి ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఆ నాలుగు నెలల్లోపు అతని వయసు చెప్పుకోదగినంత మారలేదు, బౌట్ల సంఖ్య ఒకటే పెరిగింది. మారిందల్లా సాలిడోతో నడిఏట్లో గడిపిన పన్నెండు రౌండ్లు. బావిలో వేసిన మునకలు 397 ఉన్నా, ఏరు ఎలా ఉంటుందో అతనికి తెలిసింది ఆ ఒక్క రాత్రే. అయితే బావిలో నేర్చిన ఈత వృథా అని నేను అనడం లేదు. అది లేకపోతే ఆ రాత్రే మునిగిపోయేవాడు.

ఇదే కొలతతో మైక్ టైసన్‌ను చూడండి. అతను 1986 నవంబరులో అప్పటి చాంపియన్ ట్రెవర్ బెర్బిక్‌ను రెండో రౌండ్‌లోనే ఓడించి, 20 ఏళ్ల వయసులో హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడన్నది మీకు తెలిసిందే. తొలి 19 బౌట్లూ నాకౌట్‌తోనే గెలిచాడు, వాటిలో చాలా వరకు మొదటి రౌండ్‌లోనే ముగిశాయి, ఒక్కటీ ఆరో రౌండ్ దాటలేదు. అందరూ ఆ 19ని చూపించి ఆశ్చర్యపోతారు. నాకు మాత్రం అవన్నీ బావిలో మునకలే. ఏరు 1986 మే నెలలో వచ్చింది. అంతకుముందు ప్రపంచ టైటిల్ కోసం పోరాడి ఉన్న జేమ్స్ టిల్లిస్ అతన్ని పది రౌండ్లూ నిలబెట్టాడు. అదే నెలలో మిచ్ గ్రీన్ మరో పది రౌండ్లు నిలిచాడు. నాకౌట్ చేయలేని మనిషి ఎదురుగా నిలబడితే అలసటతో ఎలా ఆడాలో టైసన్ నేర్చుకున్నది ఆ ఇరవై రౌండ్లలోనే. దానికి తోడు చిన్నతనం నుంచి శిక్షకుడు కస్ డమాటో దగ్గర నేర్చిన చదువు ఉంది. టైసన్‌కు ముందు అతి పిన్న హెవీవెయిట్ చాంపియన్ అయిన ఫ్లాయిడ్ ప్యాటర్సన్, అతనూ 1956లో 21 ఏళ్లకే గెలిచాడు, ఆ డమాటో శిష్యుడే కావడం కాకతాళీయమని నేను అనుకోను.

సంఖ్యలు ఎంత మోసం చేస్తాయో చెప్పడానికి 2013 సెప్టెంబరు నాటి పోటీని, అమెరికా బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్ మెక్సికో బాక్సర్ కనెలో అల్వారెజ్‌ను ఓడించినదాన్ని, మించినది లేదు. కనెలోకు 23 ఏళ్లు, 43 బౌట్లు. మేవెదర్‌కు 36 ఏళ్లు, 44 బౌట్లు. అంటే సంఖ్యలో తేడా ఒకటే. అయినా రింగ్‌లో మేవెదర్ మేష్టారు, కనెలో విద్యార్థి. పదిహేనేళ్లకే మొదలుపెట్టిన కనెలో తొలి బౌట్లలో చాలా భాగం మెక్సికోలో, అతన్ని ఇబ్బంది పెట్టలేని ప్రత్యర్థులతో జరిగినవి. మేవెదర్ అప్పటికే కాస్తిల్లో, డి లా హోయా, మోస్లీ, కోటో వంటి వారిని దాటి వచ్చాడు. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకరు దాన్ని డ్రాగా లెక్కవేశారు. వారు ఏ బౌట్ చూశారో నాకు తెలియదు.

అలాగైతే వయసుకు విలువే లేదా అని మీరు అడగవచ్చు. ప్యూర్టోరికో బాక్సర్ విల్ఫ్రెడ్ బెనితెజ్ 1976 మార్చిలో, పదిహేడేళ్ల వయసులో, మూడేళ్లకు పైగా చాంపియన్‌గా ఉన్న ఆంటోనియో సెర్వాంటెస్‌ను పదిహేను రౌండ్లలో ఓడించాడు. బాక్సింగ్ చరిత్రలో అంత చిన్న వయసులో ప్రపంచ చాంపియన్ అయినవారు మరొకరు లేరు. తండ్రే శిక్షకుడు, అన్నలూ బాక్సర్లే, పదిహేనేళ్లకే ప్రొఫెషనల్. అంటే పదిహేడేళ్లవాడే అయినా ఏటి ఒడ్డున పుట్టి పెరిగినవాడు. ఇక్కడిదాకా నా పోలిక బాగానే తేలుతోంది.

ఇక్కడే మునుగుతుంది కూడా. ఈతలో మింగిన నీళ్లు ఒంట్లో మిగిలిపోవు, బాక్సింగ్‌లో తిన్న దెబ్బలు మిగిలిపోతాయి. పాఠం నేర్పిన పంచ్ తన రుసుము కూడా వసూలు చేసుకుంటుంది. బెనితెజ్ 22 ఏళ్లకల్లా మూడు బరువు విభాగాల్లో చాంపియన్ అయ్యాడు, 1990లో ఆట ముగించాడు. ఆ తరువాత మెదడు దెబ్బతిని, మరొకరి సాయం లేకుండా రోజు గడవని స్థితికి చేరాడు. కాబట్టి కుర్ర బాక్సర్ విషయంలో వయసును నేను బలానికి కొలతగా చూడను, దెబ్బల ఖాతా ఎప్పుడు తెరిచారన్నదానికి గుర్తుగా చూస్తాను. పదిహేనేళ్లకు తెరిచిన ఖాతా పాతికేళ్లకే నిండిపోవచ్చు.

సమయం దగ్గర పడింది కనుక మిగిలిన రెండు సంగతులు త్వరగా చెప్పేస్తాను. మొదటిది బరువు. ఎదిగే వయసులో ఉన్న కుర్రాడు ఒంట్లో నీరు తగ్గించుకుని తక్కువ బరువు విభాగంలో కొనసాగుతుంటే, అతని అనుభవం ఎంతున్నా ఆఖరి రౌండ్లలో కాళ్లు సహకరించవు. అలాంటప్పుడు అనుభవం మీద వయసుదే పైచేయి అవుతుంది.

రెండోది మన విజేందర్ సింగ్ సంగతి. మూడు ఒలింపిక్స్ ఆడి, బీజింగ్‌లో కాంస్యం గెలిచి, 2015 అక్టోబరులో, 30 నిండడానికి కొద్ది రోజుల ముందు, అతను ప్రొఫెషనల్‌గా మాంచెస్టర్‌లో మొదటి బౌట్ ఆడాడు. వరుసగా 12 గెలిచాడు. ఏడాదికి పైగా విరామం తరువాత 2021 మార్చిలో గోవాలో ఆర్టిష్ లోప్సన్ చేతిలో మొదటిసారి ఓడినప్పుడు "వయసైపోయింది" అని అందరూ ఒక్క మాటలో తేల్చేశారు. అతనికి 35 ఏళ్లు అన్నది నిజమే. కానీ ఆ 12 విజయాల్లో ప్రపంచ చాంపియన్ స్థాయి ప్రత్యర్థి ఎంతమంది, చివరి రౌండ్ దాకా లాగినవి ఎన్ని అని ఎవరూ అడగలేదు. ఆ రికార్డు కాగితం మీ ఫోన్‌లోనే దొరుకుతుంది. గెలుపోటముల గడి పక్కనే రౌండ్ల గడి కూడా ఉంటుంది, ఒకసారి దాన్ని పైనుంచి కిందిదాకా చదివి చూడండి.