బుట్ట ఎక్కింది, మనిషి ఎక్కలేదు

(ఒక కాలనీ సంక్షేమ సంఘం వార్షికోత్సవంలో రిటైర్డ్ సిటీ బస్సు కండక్టర్ చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు అధ్యక్షుల వారు ఇప్పటికే రెండుసార్లు చదివారు. నేను మూడోసారి చదివితే స్టేజీ దాటిపోతుంది. అందుకని అందరికీ కలిపి ఒకే టికెట్ కొడుతున్నాను, నమస్కారం.

నాకిచ్చిన విషయం ‘హైదరాబాద్‌లో ప్రయాణ సాధనాలు: నాడు, నేడు’. నాటి సంగతి త్వరగా చెప్పేస్తాను. 1932లో నిజాం స్టేట్ రైల్వే కింద 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది మన బస్సు. 2003లో ఎంఎంటీఎస్ రైళ్లు వచ్చాయి. 2017 నవంబరులో మియాపూర్ నుంచి నాగోల్ దాకా మెట్రో వచ్చింది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ లైను తెరిచాక మొత్తం 69 కిలోమీటర్లయింది. ఇక క్యాబులు, బైక్ టాక్సీల గురించి నాకంటే మీ పిల్లలకే బాగా తెలుసు. ఫోను మీద వేలు పెడితే గుమ్మం ముందుకొస్తాయి, వాన పడితే రేటు పెరుగుతుంది.

వీటిలో ఏది మంచిదని మీరు అడుగుతారు. ఎక్కగలిగితే అన్నీ మంచివే. ముప్పై ఏళ్లు ఫుట్‌బోర్డు పక్కన నిలబడ్డవాణ్ని. జనం ఎక్కడం చూశాను, దిగడం చూశాను. మధ్యలో ఉండే ప్రయాణాన్ని మాత్రం చూడలేదు, టికెట్లు కొట్టడంతోనే సరిపోయింది.

ఒక సంగతి చెప్పి మళ్లీ విషయంలోకి వస్తాను.

తొంభైల్లో మాట. పొద్దున్నే కోఠీ నుంచి మెహదీపట్నం ట్రిప్పు. జాంబాగ్‌లో పూల మార్కెట్ ఉన్న రోజులు. ఒకామె బంతిపూల బుట్ట తెచ్చి ముందు డోరులోంచి లోపలికి తోసింది. ఆడవాళ్లు ముందు డోరు, మగవాళ్లు వెనక డోరు కదా, నేను వెనక ఉన్నాను. మధ్యలో అరవై మంది. ముందు నుంచి ఎవరో ‘రైట్, రైట్’ అన్నారు. నేను డబుల్ బెల్ కొట్టాను. బుట్ట ఎక్కింది, మనిషి ఎక్కలేదు.

ఆబిడ్స్ దాటాక ‘ఈ బుట్ట ఎవరిదమ్మా, లగేజీ టికెట్ తీసుకోండి’ అని అరిచాను. పలికినవాళ్లు లేరు. నాంపల్లిలో ఒక ఆటో వచ్చి బస్సుకు అడ్డంగా ఆగింది. ఆమె దిగింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు.

‘బుట్టకు టికెట్ కొట్టినవా?’ అంది.

‘లేదమ్మా’ అన్నాను.

‘అయితే ఆటోకు కొట్టు.’

ఆటోకు పది రూపాయలు. నా బ్యాగు నిండా నోట్లే, కానీ అవి నావి కావు. డ్యూటీ ఎక్కే ముందు జేబులో సొంత డబ్బు ఎంతుందో రాసివ్వాలి. దారిలో చెకింగ్ వాళ్లు ఎక్కితే రూపాయి తేడాకు కూడా జవాబు చెప్పుకోవాలి. ఆ రోజు నేను రాసింది నాలుగు రూపాయలు. మిగతా ఆరు మా డ్రైవరన్న ఇచ్చాడు. మెహదీపట్నంలో దిగుతూ ఆమె అన్నది, ‘బెల్లు మంచిగనే మోగుతది బిడ్డా. జర ముందట చూసి కొట్టు.’

ఈ కథ మా ఆవిడకు కంఠతా వచ్చు. నవ్వండి, పర్లేదు. కానీ ఆమె ఎందుకు ఎక్కలేకపోయింది? నా తొందర ఒకటి, దాన్ని నేను కాదనను. రెండోది, బస్సు ఫుట్‌పాత్ పక్కన ఆగలేదు. రోడ్డు మధ్యలో ఆగింది. ఫుట్‌పాత్ మీంచి ఎక్కితే మెట్టు అందుతుంది. రోడ్డు మీంచి ఎక్కాలంటే మోకాలెత్తు. పడుచువాళ్లకు ఆ తేడా తెలియదు. ఇక్కడ ముందు వరుసలో కూర్చున్నవాళ్లకు తెలుసు.

బస్సు పక్కకు ఎందుకు రాదో ఎవరినీ తిట్టకుండా చెబుతాను. స్టాపు దగ్గర జనం ఉంటారు. జనం ఉన్నచోట ఆటో ఉంటుంది, దాని పొట్ట అది పోసుకోవాలి. ఆటో ఉంది కాబట్టి బస్సు రెండో లైనులో ఆగుతుంది. బస్సు అక్కడ ఆగింది కాబట్టి జనం షెల్టరు వదిలి రోడ్డు మీదికొస్తారు. ట్రాఫిక్ ఆగుతుంది కాబట్టి కొన్నాళ్లకు స్టాపును వంద గజాలు ముందుకు జరుపుతారు. షెల్టరు మాత్రం పాతచోటే ఉంటుంది, దాని నెత్తిన ప్రకటన బోర్డు ఉంది కదా! ఆటోలు కొత్త స్టాపుకు వెళ్తాయి. నీడ ఒకచోట, బస్సు ఒకచోట, మనం రెంటి మధ్య పరుగు.

మెట్రో వచ్చాక ఈ బాధ తీరిందా? అమీర్‌పేటలో లిఫ్టుంది, ఎస్కలేటరుంది. కిందికి దిగాక ఇంటికి చేరాలంటే మళ్లీ ఆ రోడ్డు మీదే చెయ్యెత్తి నిలబడాలి.

ఇంకో మాట. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్, అంటే ఉచితం. ‘డబ్బులిచ్చి మేం నిలబడాలా’ అని మగవాళ్లు నాతో గొడవ పడతారు, నేనేదో ఇంకా డ్యూటీలో ఉన్నట్టు. జనం పెరిగితే బస్సులు పెంచమని అడగాలి గానీ, ఎక్కినవాళ్లను దించమంటామా? ఆటోవాళ్ల గిరాకీ తగ్గిన మాట నిజమే. ఆ పేచీ ప్రభుత్వంతో తేల్చుకోవాలి, పక్క సీటులో కూర్చున్న ఆమెతో కాదు.

అధ్యక్షుల వారు చీటీ పంపారు. చూశానండీ, చూశాను. హోల్డాన్, ఒక్క నిమిషం.

ఈ సాయంత్రం నేను బస్సులోనే వచ్చాను. మీ కాలనీ స్టాపులో కూడా బస్సు రోడ్డు మధ్యలోనే ఆగింది. ఒక పిల్లవాడు చెయ్యి పట్టి దించాడు. ఆటోలున్నాయేమో అని చూశాను, ఒక్కటీ లేదు. షెల్టరు ముందు వరుసగా ఆరు కార్లు ఉన్నాయి. అద్దంలోంచి చూస్తే మూడింటిలో ఈ సభ ఆహ్వాన పత్రికే కనిపించింది.

నా తిరుగు బస్సు ఎనిమిదీ పదికి. ఇప్పుడు ఏడూ యాభై. ఆ తాళాలు ఎవరి దగ్గరున్నాయో వాళ్లు దయచేసి ఇప్పుడే ఒకసారి లేవండి. భోజనాలు ఎక్కడికీ పోవు, నేను చూస్తుంటాను.