పాయింట్ల కారుకి ఏ గ్రీజు, ఎంత? మూడూ రాసి చూశా

నమస్తే అండి. ముందు ఈ బల్ల మీదకి చూడండి. ఎడమ పక్కన ఉన్నది చక్రాల బేరింగులకి పెట్టే మామూలు గ్రీజు, మధ్యలోది స్పార్కు ప్లగ్గు వైర్ల చివరి రబ్బరు తొడుగుల్లో (బూట్లలో) రాసే సిలికాన్ డైఎలెక్ట్రిక్ గ్రీజు, కుడి పక్కన చిటికెన వేలంత ఉందే, అది డిస్ట్రిబ్యూటర్ కామ్ గ్రీజు. డిస్ట్రిబ్యూటర్ అంటే పాత పెట్రోలు ఇంజిన్లలో ఒక్కో ప్లగ్గుకి వంతులవారీగా స్పార్కు పంపే డబ్బా. దాని లోపల తిరిగే గుబ్బల ఇరుసే కామ్, అది నెట్టినప్పుడల్లా తెరుచుకుని స్పార్కు పుట్టించే చిన్న స్విచ్చే పాయింట్లు. పాత కార్ల వాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే, "ఇంట్లో అంత పెద్ద గ్రీజు డబ్బా ఉండగా ఈ బుల్లి ట్యూబు దేనికండీ?" అని. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, రెండు నెలల కిందట నా బండి నడిరోడ్డు మీద ఆగిపోయేదాకా.

తప్పు నాదే. బేరింగు గ్రీజు వేలితో తీసి కామ్ చుట్టూ ధారాళంగా పూసేశా. ఇంజిన్ వేడికి అందులోంచి నూనె విడిపోయి, కామ్ తిరుగుడికి చిమ్మి, నేరుగా పాయింట్ల మీద పడింది. కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి, పాయింట్ల ముఖం మీద నీలం, నలుపు కలిసిన మచ్చ. నూనె పడి, స్పార్కుకి కాలిపోతే ఇలాగే అవుతుంది. ఆ పొర మీద కరెంటు సరిగ్గా దాటదు, ఇంజిన్ దగ్గుతుంది, మనం పాపం కార్బరేటర్ని తిడతాం.

అలాగని అసలు రాయకుండా వదిలేస్తే ఇంకో తంటా. పాయింట్లకి ఉన్న ఈ చిన్న ఫైబర్ మడమ కామ్ మీద రాసుకుంటూ ఉంటుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే డిస్ట్రిబ్యూటర్ అందులో సగం, అంటే 1500, ఒక్కో చుట్టుకి నాలుగుసార్లు పాయింట్లు తెరుచుకోవాలి, అంటే నిమిషానికి 6000, సెకనుకి 100 సార్లు. గ్రీజు లేకపోతే ఆ మడమ అరుగుతుంది, అరిగిన కొద్దీ పాయింట్ల మధ్య గ్యాప్ తగ్గుతుంది, పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్, అంటే స్పార్కు పడే వేళ, వెనక్కి పోతుంది. బండి వేడెక్కుతుంది, పికప్ ఉండదు. ఇదంతా రోజూ కొంచెం కొంచెంగా జరుగుతుంది కాబట్టి మనకి తెలియను కూడా తెలియదు.

సరే, టెస్టు. ఒకే ఇనప పట్టీ మీద మూడు గ్రీజులూ పెట్టి, నిలబెట్టి, హాట్ ఎయిర్ గన్‌తో కాసేపు వేడి చేశా. బేరింగు గ్రీజు చుట్టూ నూనె మరక కట్టింది, నాకు జరిగింది ఇదే. సిలికాన్ గ్రీజు కదల్లేదు, బానే ఉందే అనిపిస్తుంది, కానీ పాయింట్ల దగ్గరికి దాన్ని అసలు రానివ్వకండి. అది కరెంటుని ఆపే రకం, పైగా స్పార్కు దగ్గర సిలికాన్ కాలితే ఇసుకలాంటి గట్టి పొర మిగులుతుంది. కామ్ గ్రీజు మాత్రం పెట్టిన చోటే పట్టుకుని కూర్చుంది. రెండు వేళ్ల మధ్య నొక్కి విడదీస్తే ఇదిగో, తీగలా సాగుతోంది చూశారా, ఆ జిగటే మనకి కావాల్సింది.

ఎంత రాయాలి? అగ్గిపుల్ల తలంత, అంతకి మించి వద్దు. కామ్ తిరుగుతూ మడమకి ఎదురొచ్చే వైపున పెట్టండి, అదే లోపలికి లాక్కుంటుంది. నా కంప్లయింట్ అల్లా ఈ ట్యూబు మూతి మీదే, మరీ వెడల్పు, కాస్త నొక్కితే బఠాణీ గింజంత వచ్చి పడుతుంది. అందుకే పళ్లు కుట్టుకునే పుల్లతో తీస్తున్నా.

గ్రీజు పని అక్కడితో సరి, మిగతాదంతా నూనె. కామ్ పైన కూర్చుని దానితో పాటు తిరిగే రోటర్ పీకితే, కింద కొన్నిటికి నూనె పీల్చే ఫెల్టు ముక్క ఉంటుంది, దాని మీద రెండు మూడు చుక్కల ఇంజిన్ ఆయిల్. లూకాస్ డిస్ట్రిబ్యూటర్లలో అక్కడ స్క్రూ కనిపిస్తుంది, దాన్ని విప్పక్కర్లేదు, పక్కనున్న సందులోంచి నూనె దిగిపోతుంది. వేగం పెరిగే కొద్దీ స్పార్కుని ముందుకి జరిపే అడ్వాన్స్ వెయిట్ల ఇరుసులకి ఒక్కో చుక్క. బయట ఆయిల్ కప్పు ఉంటే అందులో నాలుగు చుక్కలు. ఫోర్డ్ మోడల్ టీ వాళ్లు మాత్రం నా మాట వినకండి, 1908 నుంచి 1927 దాకా వచ్చిన ఆ బండిలో డిస్ట్రిబ్యూటర్ బదులు ఇంజిన్ ముందున్న రోలర్ టైమర్‌కి నూనె తరచూ పడాల్సిందే, దాని లెక్క వేరు.

ఇంకొకటి, ఇది చాలామంది మర్చిపోతారు. గ్యాప్ చూసే ఫీలర్ గేజ్ రేకులకి తుప్పు పట్టకుండా నూనె రాసి ఉంటుంది. అన్నీ జాగ్రత్తగా చేసి, ఆఖర్న ఆ నూనె రేకునే పాయింట్ల మధ్య దూరుస్తాం! శుభ్రంగా తుడిచి, తర్వాత తెల్ల కాగితం ముక్క పాయింట్ల మధ్య పెట్టి లాగండి, మరక లేకుండా రావాలి.

కామ్ గ్రీజు రాశాక 800 కిలోమీటర్లు తిప్పి ఇవాళ మళ్లీ డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీశా. గ్యాప్ 0.016 అంగుళం పెట్టా, అదే ఉంది. మీరు మాత్రం మీ బండి మాన్యువల్లో ఉన్న అంకె చూసి పెట్టుకోండి. మడమ పక్కన సన్నటి గ్రీజు గీత ఇంకా తడిగానే ఉంది, పాయింట్లు శుభ్రంగా ఉన్నాయి. ట్యూబులో ఎంత తగ్గిందో చూపిద్దామంటే, కనిపించి చావట్లేదు.