పేరు తెలియని ఆటగాడి కార్డుకి ఇంత రేటా?

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? న్యూజెర్సీలో ఆదివారం పొద్దున మనవాళ్ళు గుళ్ళోనో కాస్ట్‌కోలోనో కనిపిస్తారు. మేం మాత్రం ఇదిగో, బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మలుండే పాత కార్డులు అమ్మే షోకి వచ్చాం. గాజు పెట్టెల్లో ఉన్నవాళ్ళంతా స్టార్లు. మావారు అటు చూడను కూడా చూడరు, ఆయన చెయ్యి ఎప్పుడూ కింద అట్టపెట్టెల్లోనే. వాటిలో ఉండేవి కామన్స్, అంటే పెద్దగా పేరు రాని ఆటగాళ్ళ కార్డులు.

ఈయన పిచ్చంతా టాప్స్ అనే కంపెనీ 1952లో తెచ్చిన కార్డుల సెట్ మీద. మొత్తం 407 కార్డులు. అందులో పెద్ద స్టార్ మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో 1.26 కోట్ల డాలర్లకి వేలంలో పోయింది, దాని ఊసే మాకొద్దు. నాకు వింతగా అనిపించేది కామన్స్ రేట్లే. కాస్త నలిగిన కార్డైతే ఇరవై ముప్పై డాలర్లకే దొరుకుతుంది. అదే కార్డు మీది నంబరు 311 దాటిందా, అలాంటి నలిగిన కార్డుకే వంద పైమాట! ఎందుకంటే సెట్ విడతలుగా వచ్చింది, ఆ నంబర్లున్న చివరి విడత బేస్‌బాల్ సీజన్ అయిపోతుండగా వచ్చింది. పిల్లల ధ్యాస అప్పటికే అమెరికన్ ఫుట్‌బాల్ మీదకి మళ్ళింది. అమ్ముడుపోని సరుకు ఏళ్ళ తరబడి గోడౌన్‌లో మూలిగి, 1960లో అట్లాంటిక్ సముద్రం పాలైంది. పడవలో తీసుకెళ్ళి పారబోయించింది తనేనని ఆ కార్డులు తయారుచేసిన సై బెర్గరే చెప్పాడు. ఎంత కడుపుమంటో చూడండి!

ఇంకో తమాషా, ఆండీ పాఫ్కో. 1951లో ఎదుటి జట్టు ఆటగాడు బాబీ థామ్సన్ కొట్టిన ఆ ప్రసిద్ధమైన హోమ్ రన్ (మన క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) తల మీదుగా వెళ్తుంటే లెఫ్ట్ ఫీల్డ్‌లో నిలబడి చూసింది ఈయనే. మంచి ఆటగాడే, కానీ ఇప్పుడు ఆయన పేరు ఎక్కువగా వినపడేది కార్డులవాళ్ళ నోటే. సెట్‌లో ఒకటో నంబరు కార్డు ఆయనది. పిల్లలు కట్ట కట్టి రబ్బర్ బ్యాండ్ వేస్తే అన్నిటికంటే పైన ఉండేది పాఫ్కోనే. అందుకే చెక్కుచెదరనిది దొరకడం గగనం. అలాంటిది ఒకటి 1998లో 83 వేల డాలర్ల పైనే పలికింది.

ఇప్పుడు మావారిని చూడండి. కార్డుని లైటు కింద అటూ ఇటూ వంచుతున్నారు. నేరుగా చూస్తే కనపడని మడత, అలా పక్కకి తిప్పితే సన్నటి గీతలా మెరుస్తుంది. తర్వాత భూతద్దంతో నాలుగు మూలలు. మూలలు అరిగినా పరవాలేదంటారు గానీ, కొత్తదానిలా కనపడాలని అంచులు కత్తిరించారని అనుమానం వస్తే ముట్టుకోరు. నన్నడిగితే అదే సరైన పద్ధతి. అరిగిందంటే ఎవరో పిల్లాడు ఆడుకున్నాడని సరిపెట్టుకోవచ్చు, కత్తిరింపు మాత్రం మోసం.

రేటు దగ్గర మాత్రం నా డ్యూటీ మొదలవుతుంది. ఈబేలో అమ్మేవాడు పెట్టిన ధర కాదు, నిజంగా అమ్ముడుపోయిన ధరలు చూడాలి. అలాంటివి ఫోన్‌లో నాలుగైదు చూపించి, "ఈ రెండు కార్డులూ కలిపి తీసుకుంటే ఎంతకిస్తారు?" అని అడిగా. కార్డులమ్మే పెద్దాయన నవ్వేసి పది డాలర్లు తగ్గించాడు. ఇంకో ఐదు తగ్గించమని అడగబోతుంటే మావారు అప్పటికే పర్సు తీసేశారు!