రెండో స్థానానికి తలుపు లేదు: శ్రీనిధి డెక్కన్ 2023-24 సీజన్

తమ్ముడు: అందరికీ నమస్తే. ఈ వారం క్రికెట్ పక్కన పెట్టి ఫుట్‌బాల్ మాట్లాడుకుందాం. మన హైదరాబాద్ క్లబ్ శ్రీనిధి డెక్కన్, 2023-24 ఐ-లీగ్ సీజన్. మా అక్క ఆ టీమ్‌ని మొదటి నుంచీ ఫాలో అవుతోంది కాబట్టి నేను అడుగుతా, తను చెబుతుంది. అక్కా, ముందు ఐ-లీగ్ అంటే ఏంటో చెప్పు. చాలామందికి ఐఎస్ఎల్, అంటే ఇండియన్ సూపర్ లీగ్ పేరే తెలుసు.

అక్క: 2007లో పెట్టినప్పుడు దేశంలో అదే పెద్ద లీగ్‌రా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, డెంపో, చర్చిల్ బ్రదర్స్ అందరూ అందులోనే ఆడేవాళ్ళు. 2014లో ఐఎస్ఎల్ వచ్చింది. డబ్బు, టీవీ, స్టార్లు అన్నీ అటు వెళ్ళిపోయాయి. 2019లో ఏషియన్ ఫుట్‌బాల్ కాన్ఫెడరేషన్ ఒప్పుకున్న రోడ్‌మ్యాప్ ప్రకారం ఐఎస్ఎల్ మొదటి లీగ్ అయింది, ఐ-లీగ్ రెండోది అయింది. 2022-23 నుంచి ఐ-లీగ్ గెలిచిన జట్టు, లైసెన్సింగ్ నిబంధనలు పాసైతే, పైకి, అంటే ఐఎస్ఎల్‌లోకి వెళ్ళేలా రూల్ పెట్టారు. గెలిచిన జట్టు ఒక్కటే. ఇది గుర్తుపెట్టుకో, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

తమ్ముడు: మరి శ్రీనిధి ఎక్కడి నుంచి వచ్చింది?

అక్క: పేపర్ మీద విశాఖపట్నం నుంచి! 2020లో మన జాతీయ ఫుట్‌బాల్ ఫెడరేషన్ కొత్త జట్లకి నేరుగా లీగ్‌లో చోటిస్తామంటే విశాఖ పేరు మీద బిడ్ వేశారు. 2021-22లో ఆడటం మొదలుపెట్టారు, కానీ అప్పుడు కోవిడ్. ఆ ఏడాది లీగ్ మొత్తం బెంగాల్‌లోనే జరిగింది. తర్వాత హైదరాబాద్‌లో, మొయినాబాద్ వైపు అజీజ్‌నగర్‌లో, డెక్కన్ అరీనా అని సొంత గ్రౌండ్ కట్టుకున్నారు.

తమ్ముడు: మొదటి సీజన్ ఎలా పోయింది?

అక్క: కొత్త జట్టుకి అది గొప్ప సీజనే. అందులో ఒక్క మ్యాచ్ చెప్తా. 2022 మే 10. గోకులం కేరళ 21 మ్యాచ్‌లుగా ఓడలేదు. ఆ రోజు గెలిచినా, డ్రా చేసుకున్నా కప్పు వాళ్ళదే. శ్రీనిధి 3-1తో కొట్టేసింది. మిజోరం కుర్రాడు లాల్‌రొమావియా హ్యాట్రిక్. గోకులం వాళ్ళు నాలుగు రోజుల తర్వాత కోల్‌కతా జట్టు మొహమ్మదన్‌ని ఓడించి కప్పు ఎత్తారనుకో, కానీ ఆ రోజు నుంచే ఈ టీమ్ మీద నాకు గురి కుదిరింది.

తమ్ముడు: 2022-23లో రెండో స్థానం కదా?

అక్క: అవును, కానీ ఆ ఏడాది బాధపడటానికి ఏమీ లేదు. రౌండ్‌గ్లాస్ పంజాబ్ 52 పాయింట్లు, మనం 42. వాళ్ళు ఇంకో మ్యాచ్ మిగిలుండగానే లీగ్ గెలిచేశారు. మన కొలంబియా స్ట్రైకర్ డేవిడ్ కాస్టనేడా 15 గోల్స్ కొట్టాడు. పంజాబ్ తరఫున లూకా మాయ్‌చెన్ 16 కొట్టాడు. వాళ్ళు అన్నిట్లోనూ ఒక మెట్టు పైన ఉన్నారు, పైకి వెళ్ళారు, న్యాయమే. పైగా ఆ వెంటనే ఏప్రిల్‌లో, రెండు లీగ్‌ల జట్లూ ఆడే సూపర్ కప్ జరిగింది. ఐఎస్ఎల్ జట్టు కేరళ బ్లాస్టర్స్‌ని కోళికోడ్‌లో, అంటే వాళ్ళ గడ్డ మీద, వాళ్ళ జనం ముందు శ్రీనిధి 2-0తో ఓడించింది. రిల్వాన్ హసన్ ఒకటి, కాస్టనేడా ఒకటి. రెండో లీగ్ జట్టు మొదటి లీగ్ జట్టుతో సమానంగా ఆడగలదని ఇంతకంటే ఏం రుజువు కావాలి?

తమ్ముడు: సరే, ఇక 2023-24కి వద్దాం.

అక్క: 13 జట్లు, ఒక్కో జట్టుకి 24 మ్యాచ్‌లు. శ్రీనగర్, షిల్లాంగ్, ఐజ్వాల్, గోవా, కోళికోడ్... ఐఎస్ఎల్ వాళ్ళంత బడ్జెట్ ఉండదు, ప్రయాణాలు మాత్రం దేశం ఈ చివర నుంచి ఆ చివరకి. ఇంకోటి, దీని గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. ఇంఫాల్ జట్లు రెండు, నెరోకా, ట్రావు. మణిపూర్ ఘర్షణల వల్ల ఆ ఏడాది సొంత ఊళ్ళో ఆడలేకపోయాయి. సీజనంతా పరాయి గ్రౌండ్‌లే. చివరికి కింది రెండు స్థానాలూ వాళ్ళవే. ఆ టేబుల్ చూసినప్పుడల్లా నాకు మనసు అదోలా అయిపోతుంది.

తమ్ముడు: ఊళ్ళో ఇళ్ళు ఎలా ఉన్నాయో తెలియకుండా ఎక్కడో ఆడటం అంటే...

అక్క: అదే కదా. సరే, శ్రీనిధి సంగతికొస్తే, మొహమ్మదన్ స్పోర్టింగ్‌కి చివరిదాకా ఊపిరాడనివ్వలేదు. 1891లో పుట్టిన క్లబ్ అది. 1934 నుంచి వరసగా ఐదేళ్ళు కలకత్తా లీగ్ గెలిచిన చరిత్ర. కోచ్ ఆండ్రీ చెర్నిషోవ్, రష్యా ఆయన. మనవైపు డెన్మార్క్ లీగ్‌లో ఏళ్ళ తరబడి ఆడొచ్చిన నైజీరియా వింగర్ రిల్వాన్, బ్రెజిల్ స్ట్రైకర్ విలియం ఆల్వెస్, ఐఎస్ఎల్ జట్టు చెన్నయిన్‌కి ఆడిన డిఫెండర్ ఎలీ సాబియా. చిన్న జట్టేం కాదు.

తమ్ముడు: గ్రౌండ్‌కి వెళ్ళి చూస్తే ఎలా ఉంటుంది? నన్ను ఒక్కసారి కూడా తీసుకెళ్ళలేదు నువ్వు.

అక్క: పిలిచినప్పుడల్లా ఐపీఎల్ అంటావు! గచ్చిబౌలి స్టేడియంలా ఉండదు. ఓ పదిహేను వందల మంది పడతారేమో. చిన్నది కావడమే దాని అందం. టచ్‌లైన్‌కి అంత దగ్గరగా కూర్చుంటే గోల్‌కీపర్ డిఫెండర్లని పేరు పెట్టి అరవడం వినిపిస్తుంది. వింగర్ బంతి తీసుకుని మన ముందు నుంచి పరిగెడితే బూటు గడ్డిని గీసిన చప్పుడు తెలుస్తుంది. టీవీలో బంతి ఒక్కటే చూస్తాం. ఇక్కడ బంతి లేనివాడు ఏం చేస్తున్నాడో చూడొచ్చు. ఫుట్‌బాల్ నేర్చుకునే పిల్లలకి అంతకన్నా మంచి బడి లేదు.

తమ్ముడు: మరి లీగ్ ఎక్కడ చేజారింది?

అక్క: షిల్లాంగ్‌లో. అసలు మనం ఆడని మ్యాచ్‌లో! 2024 ఏప్రిల్ 6. మొహమ్మదన్, షిల్లాంగ్ లాజోంగ్. మొహమ్మదన్‌కి ఒక్క పాయింట్ చాలు, వాళ్ళు ఓడితేనే మనకి దారి. ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నా. మొదటి నిమిషంలోనే అలెక్సిస్ గోమెజ్ చాలా దూరం నుంచి ఎత్తి కొట్టాడు, గోల్! నేనింకా సరిగ్గా కూర్చోలేదు కూడా. తర్వాత లాజోంగ్‌కి పెనాల్టీ, డగ్లస్ టార్డిన్ కొట్టాడు, 1-1. అక్కడి నుంచి ఒకటే టెన్షన్. ఇంకొక్క గోల్, లాజోంగ్ ఇంకొక్కటి కొడితే చాలు. 62వ నిమిషంలో కోజ్లోవ్ కొట్టాడు, కానీ మొహమ్మదన్‌కి. 2-1. అంతే.

తమ్ముడు: చివరికి తేడా ఎంత?

అక్క: నాలుగు. వాళ్ళు 52, మనం 48. ఇరవై నాలుగు మ్యాచ్‌ల తర్వాత నాలుగు పాయింట్లు. మొహమ్మదన్ గెలుపుని నేను తక్కువ చేయను. కోల్‌కతాలో వాళ్ళ జనం అన్నేళ్ళు ఎదురుచూశారు, వాళ్ళకి దక్కాల్సిందే. నా బాధ రెండో స్థానం గురించి. అదే ఏడాది ఇంగ్లండ్‌లో రెండో లీగ్ ఛాంపియన్‌షిప్ తీసుకో. మొదటి రెండు జట్లు నేరుగా పైకి. మూడు నుంచి ఆరు వరకు ఉన్నవాళ్ళకి ప్లేఆఫ్స్. అంటే ఆరో జట్టుకి కూడా ఆశ ఉండేది. ఇక్కడ 48 పాయింట్లు తెచ్చుకున్న జట్టుకి ఏమీ లేదు. వరసగా రెండేళ్ళు రెండో స్థానం, రెండేళ్ళూ మళ్ళీ మొదటికే.

తమ్ముడు: అదే ఏడాది ఐఎస్ఎల్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ పరిస్థితి?

అక్క: అక్కడికే వస్తున్నా. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు తెచ్చిన జట్టు. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు, గుర్తుందా? రెండేళ్ళు తిరిగేసరికి జీతాలు అందక విదేశీ ఆటగాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు. మిగిలిన కుర్రాళ్ళతో సీజన్ నెట్టుకొచ్చారు. 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు, ఆఖరి స్థానం. ఆ కుర్రాళ్ళ తప్పేం లేదు, వాళ్ళు ఉన్నంతలో పోరాడారు. కానీ అప్పుడు ఐఎస్ఎల్‌లో ఆఖరున ఉన్నా కిందికి దిగక్కర్లేకపోయింది. ఒకే ఊరు, ఒకే ఏడాది. పైలీగ్‌లో ఆఖరి జట్టు పైనే ఉండిపోయింది, కిందిలీగ్‌లో రెండో జట్టు కిందే ఉండిపోయింది.

తమ్ముడు: ఆ రోడ్‌మ్యాప్‌లో దిగడం గురించి లేదా?

అక్క: 2024-25 నుంచి ఎక్కడం, దిగడం రెండూ పూర్తిగా అమలు చేయమని సిఫార్సు ఉంది. జరగలేదు. పైగా ఆ 2024-25 ఐ-లీగ్ ఎవరు గెలిచారో తేల్చడానికే స్విట్జర్లాండ్‌లోని క్రీడా కోర్టు దాకా వెళ్ళాల్సొచ్చింది. టేబుల్‌లో చర్చిల్ బ్రదర్స్ పైన ఉంది, జూలైలో తీర్పు ఇంటర్ కాశీకి అనుకూలంగా వచ్చింది. ఉన్నది ఒకే తలుపు కాబట్టి ఒక్కో పాయింట్ కోసం లాయర్లు కొట్టుకుంటారు.

తమ్ముడు: హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా ఇప్పుడు లేదు కదా?

అక్క: 2025లో ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారింది. రహీం సాబ్ ఊరురా ఇది! ఆయన కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది. 1962 ఏషియన్ గేమ్స్ బంగారు పతకం తెచ్చిన కోచ్ ఆయన, అందులో ఆడిన బలరాం మన సికింద్రాబాద్ వాడు. అలాంటి ఊళ్ళో పైలీగ్ జట్టు లేదు.

తమ్ముడు: నీ చేతిలో ఉంటే ఏం మారుస్తావు?

అక్క: జర్మనీలో ఉన్న పద్ధతి పెడతా. అక్కడ పైలీగ్‌లో కింది నుంచి మూడో జట్టు, కిందిలీగ్‌లో మూడో జట్టు రెండు మ్యాచ్‌లు ఆడతాయి, గెలిచినవాళ్ళు పైలీగ్‌లో ఉంటారు. మనం కనీసం ఐఎస్ఎల్ ఆఖరి జట్టుకీ ఐ-లీగ్ రెండో జట్టుకీ పెట్టొచ్చు. ఆ రూల్ 2024లో ఉండుంటే ఎవరెవరు ఆడేవాళ్ళో ఆలోచించు.

తమ్ముడు: హైదరాబాద్ ఎఫ్‌సీ, శ్రీనిధి డెక్కన్!

అక్క: ఒక మ్యాచ్ గచ్చిబౌలిలో, ఒకటి అజీజ్‌నగర్‌లో. ఐపీఎల్ నడుస్తున్నా సరే, నిన్ను లాక్కెళ్ళేదాన్ని.

తమ్ముడు: లాగక్కర్లేదక్కా, నేనే టికెట్లు కొనేవాణ్ణి.