పొక్లెయిన్ చైన్లు కడగడానికి ఈ పెట్రోల్ ప్రెజర్ వాషర్ పనికొస్తుందా?

నమస్కారం. ఈ ప్రెజర్ వాషర్‌ను కంపెనీ వారు ఉచితంగా పంపారు; అయితే ఏం చెప్పాలో వారు చెప్పలేదు, వీడియోను ముందుగా వారికి చూపించనూ లేదు. ఇంజను శక్తి, పీడనం, బరువు వంటి వివరాలు మీరు ఈపాటికే చూసి ఉంటారు కనుక వాటి జోలికి వెళ్లను. భీమవరం, ఆకివీడు పరిసరాల్లో చెరువులు తవ్వే పొక్లెయిన్‌ను దీనితో కడిగితే ఎలా ఉంటుందన్నదే నాకు ముఖ్యం.

ముందుగా దీని లాన్స్ గురించి, అంటే నీళ్లు చిమ్మే గన్‌కు తగిలించే పొడవాటి గొట్టం గురించి చెప్పాలి, ఎందుకంటే నాకు ఇందులో నచ్చింది అదే. మన నల్ల బంకమట్టి చైన్ రోలర్ల మధ్యకు చేరి ఆరిపోయిందంటే గడ్డపారకు కూడా లొంగదు. అది చైన్‌ను తిప్పే పళ్ల చక్రం, అంటే స్ప్రాకెట్, పళ్ల సందుల్లో పేరుకున్నకొద్దీ చైన్ బిగుసుకుపోతుంది, తిరగని రోలర్లు ఒకవైపే అరుగుతాయి, చైన్ ముక్కలను కలిపే పిన్నులూ బుష్‌లూ కాలం తీరకముందే మార్చవలసి వస్తుంది. అందువల్ల సాయంత్రం పని ఆపగానే, మట్టి తడిగా ఉండగానే కడిగేయాలి. తిన్నని గన్‌తో చైన్ లోపలి వైపు కడగాలంటే మనిషి బురదలో పడుకోవలసిందే. కొస వంపు తిరిగిన ఈ పొడవాటి లాన్స్‌తో మాత్రం గట్టు మీద నిలబడే పై రోలర్ల వెనక దాకా ధార పంపవచ్చు.

నాజిళ్లలో ఆకుపచ్చది, అంటే ధార 25 డిగ్రీల వెడల్పున విచ్చుకునేది, చైన్‌కు సరిపోతుంది. ఎర్రది, 0 డిగ్రీలది, పెట్టెలోనే ఉండనివ్వండి. ఆ సన్నని ధార సీళ్లలోకీ వైరింగు కనెక్టర్లలోకీ నీళ్లు తోస్తుంది, రేడియేటర్ రెక్కలను వంచేస్తుంది. కడిగిన తరువాత బకెట్, దాన్ని మోసే చేతుల దగ్గరి ప్రతి పిన్నుకూ కొత్త గ్రీజు కొట్టాలి, లోపలికి దూరిన నీరు పాత గ్రీజుతో పాటు బయటికి రావాలి. మెరుపు కోసం డీజిల్ పూసే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. రబ్బరు హోసులకు అది మంచిది కాదు.

ఇక నాకు విసుగు తెప్పించిన సంగతి. చెరువు గట్టు మీద కుళాయి ఉండదు కనుక నీళ్లు పంట బోదె నుంచే తోడుకోవాలి. ఈ యంత్రం తోడుకుంటుంది కూడా, కానీ నీళ్లు లోపలికి వచ్చే చోట పెట్టిన జల్లెడ బొటనవేలంత ఉంది. నాచు, ఒండ్రు దానికి అడ్డుపడిన ప్రతిసారీ పంపు గాలి పీల్చి అరుస్తుంది. ఇంజను ఆపి, ప్లాస్టిక్ మర విప్పి, కడిగి, మళ్లీ బిగించాలి. వరి చేలల్లో మందు కొట్టే హెచ్‌టీపీ పంపులకు పీడనం తక్కువే అయినా, పెద్ద జల్లెడ ఉంటుంది కాబట్టి ఇంత గొడవ లేకుండా పనిచేస్తాయి. పక్కనే ఉన్న రొయ్యల చెరువు నీళ్లు తేటగా ఉన్నాయి కదా అని అటు గొట్టం వేయకండి, ఆ ఉప్పదనం ఇనుమును తినేస్తుంది.

ఇంత ధర పెట్టి అమ్ముతూ ఆ జల్లెడ దగ్గర పొదుపు చేసిన యంత్రాన్ని కొనమని నేను చెప్పలేను. లాన్స్‌ను విడిగా అమ్ముతున్నారు. మీ దగ్గరున్న వాషర్ గన్‌కు దాని మర సరిపోతుందో లేదో, మీ పంపు పీడనాన్ని అది తట్టుకుంటుందో లేదో చూసుకుని, అదొక్కటే కొనుక్కోండి.